బేసిను పట్టుకున్న మనిషి

ఆ పరీక్ష ఆలోచన అనసూర్యకు సైకిలు మీద పోతుంటే వచ్చింది.

పెండ్లయి రెండు నెలలు. భర్త పర్శరాములు హైస్కూల్లో లెక్కల సారు. రోజూ పొద్దున ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని, కరీంనగర్ బజార్లన్నీ తిప్పి, ఊరి చివర ఉన్న నర్సుల శిక్షణ కేంద్రం దగ్గర దించి, తన బడికి పోతాడు. నలుగురూ చూస్తారని మొదట్లో ఆమె సిగ్గుపడింది. ఇప్పుడు ఎవరూ చూడకపోతే ఏదో లోటుగా ఉంటోంది. సైకిలు గుంతలో ఎగిరినప్పుడల్లా ఆకుపచ్చ గాజులు గలగలమంటాయి. ఆయన "పైలం, గాజులు పలుగుతయి" అంటాడు, అని మళ్ళీ వెతికి వెతికి ఇంకో గుంతలో దించుతాడు.

ఆ రోజు తోళ్లు ఆరేసే సందులోంచి పోతుంటే గుప్పున వాసన కొట్టింది. అనసూర్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం సిస్టరమ్మా, ముక్కు మూసుకున్నవా?" అన్నాడు పర్శరాములు వెనక్కి తిరక్కుండానే.

"నీకెట్ల తెలుసు?"

"ఊపిరి ఆగింది. రెండు నెలల సంది నా వీపు మీదనే ఊపిరి తీస్తున్నవు గద."

"దవాఖానల మూసుకోను. ఇది బజారు."

"ముక్కుకు దవాఖాన ఏదో, బజారేదో ఎట్ల ఎర్క?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అదే, అనుకుంది. ముక్కుకు ఎర్క ఉండదు. నోరు నేర్చుకున్న మాట చెబుతుంది గానీ ముఖం నేర్చుకోదు.

ఆ శుక్రవారమే కొత్త పిల్లల ఎంపిక. ఏడో తరగతి చదివిన ఆడపిల్లలు ఎవరైనా రావచ్చు. వాళ్ళలో పన్నెండు మందిని ఏరి, హాస్టల్లో పెట్టి, కాన్పులు చేయడం, సూదులు వేయడం నేర్పి పల్లెలకు పంపుతారు. సీట్లు నిండాయంటే మళ్ళీ రెండేండ్ల దాకా తలుపు మూసినట్టే. కేంద్రానికి పెద్ద డాక్టర్ రజియా బేగం. పాఠాలు చెప్పేదీ, పిల్లలను కనిపెట్టుకొని ఉండేదీ అనసూర్య. హైదరాబాదులో కాలేజీ చదువు, ఆపైన నర్సింగు చదివి వచ్చిన మనిషి కనుక ఆమె మాట మీద డాక్టరమ్మకు గురి.

"పోయిన బ్యాచిల ముగ్గురు పారిపోయిన్రు," అంది డాక్టరమ్మ. "చదివించి చూసినం, లెక్కలు చేయించి చూసినం. కాన్పు గదిల కాలు పెట్టంగనే దుకాణం బందు. మనిషి లోపల ఏమున్నదో ఎట్ల తెలుస్తది, అనసూర్యా?"

"ముఖం చూస్తె తెలుస్తది, డాక్టరమ్మా."

అని తన ఆలోచన చెప్పింది. కాన్పు గదిలో వాడిన మురికి గుడ్డ ఒకటి ఎనామిల్ బేసినులో పెట్టాలి. ఒక మనిషి ఆ బేసిను పట్టుకొని ఒక్కో పిల్ల ముందు నిలబడాలి. పిల్ల ఆ గుడ్డను చేత్తో తీసి పక్కనున్న ఫినాయిలు నీళ్ల బకెట్లో వేయాలి. అంతే.

"చేతిది ఏమున్నది, భయానికన్న తీస్తది. నేను ముఖమే చూస్త. ముక్కు మూసుకున్న పిల్ల మనకు పనికి రాదు."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "బాగనే ఉన్నది. ఒక్క మాట మాత్రం. సిఫారసులు నడవయి. నా బిడ్డ, నా చెల్లె, నా చుట్టం అని ఎవ్వలన్న నోరు తెరిచిన్రంటె ఆ పిల్లను గేటు దాటనియ్య."

ఆ మాట కేంద్రంలో పనిచేసేవాళ్ళందరినీ పిలిచి మరీ చెప్పింది. వంటామె విన్నది, తోటమాలి విన్నాడు, బేసిను పట్టుకోవడానికి కుదుర్చుకున్న వార్డుబాయి కొమురెల్లి విన్నాడు.

శుక్రవారం పొద్దుటికే వరండా నిండిపోయింది. తలలకు నూనె రాసుకొని, సద్దిమూటలు ఒళ్లో పెట్టుకొని పిల్లలు బెంచీల మీద కుదురుగా కూర్చున్నారు. అనసూర్య గంజి పెట్టిన తెల్లచీర కట్టింది. అడుగు వేస్తే చీర కరకరమంది, బండల మీద కొత్త మెట్టెలు టక్కుటక్కుమన్నాయి. ఆ రెండు చప్పుళ్లూ తనవేనని తలుచుకుంటే ఆమెకు కడుపు నిండినట్టుంది. కావాలనే వరండా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి ఎక్కువ నడిచింది.

అంతలో గేటు దగ్గర ఆమె బావ, అంటే పర్శరాములు అన్న బుచ్చిరాములు కనబడ్డాడు. మెట్‌పల్లి నుంచి పసుపు అమ్మడానికి వచ్చి, ఇంటి తాళంచెవి కోసం ఇటు వచ్చినట్టున్నాడు. ఆయనను చూడగానే అనసూర్య చెయ్యి దానంతట అదే లేచింది. కొంగు తల మీదికి ఎక్కి, బుగ్గ మీదుగా దిగి, ముక్కు దాకా వచ్చింది. పక్కకు తిరిగి, తాళంచెవి గేటు దిమ్మె మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. ఆయన కూడా దిమ్మెకే చెప్పాడు:

"తమ్మునికి తెలపాలె. రాత్రి బువ్వకు ఉంట."

తమ్ముని భార్యతో బావ ఎదురుగా మాట్లాడడు. చెప్పవలసింది గోడకో గొడ్డుకో చెబుతాడు, ఆమె వింటుంది. ఆమె ముఖం చూపదు, ఆయన చూడడు. అత్తారింటికి పంపేటప్పుడు అనసూర్య తల్లి మొట్టమొదట నేర్పిన మర్యాద అదే. ఇద్దరూ అట్లా దిమ్మెను మధ్యన పెట్టుకొని పని కానిచ్చారు. వరండాలో పిల్లలంతా చూస్తూనే ఉన్నారు. అనసూర్య కొంగు సర్దుకొని, వచ్చే నవ్వు ఆపుకుంటూ లోపలికి నడిచింది.

మాటల పరీక్షలో ఆమెకు అందరికంటే బాగా నచ్చిన పిల్ల సారక్క. చెన్నూరు నుంచి వచ్చింది. ఇరవై ఏండ్లు ఉంటాయేమో, భర్త పోయిన పిల్ల. ఇచ్చిన పాఠం తడుముకోకుండా చదివింది. మందు ఎంతకు ఎన్ని నీళ్లు కలపాలో వేళ్ల మీదనే తేల్చింది.

"కాన్పుకు పోతవు. ఇంటోళ్లు నిన్ను లోపటికి రానియ్యరు. అప్పుడేం చేస్తవు?" అని డాక్టరమ్మ అడిగింది.

"వాకిట్ల కూసుంట," అంది సారక్క.

"కూసొని?"

"ఏం లేదమ్మా. కూసున్నోళ్లను లెవ్వుమనబుద్ధి కాదు గద. జర సేపటికి మంచినీళ్లు ఇస్తరు. నీళ్లిచ్చినంక ఎవ్వలు, ఏంది అని అడుగుతరు. అడిగినంక లోపటికి పోవుడే."

డాక్టరమ్మ అనసూర్య వైపు చూసి కళ్లతోనే నవ్వింది. అనసూర్య కూడా నవ్వింది. ఈ పిల్లకు మొదట నేర్పవలసింది ఏమిటా అని అప్పుడే ఆలోచించుకుంది కూడా.

ఆ తర్వాత బేసిను పరీక్ష. పిల్లలను పెరటి గోడ వెంట వరసగా నిలబెట్టారు. కొమురెల్లి బేసిను పట్టుకొని నడిచాడు, ఎప్పటికప్పుడు ఇంకో మురికి గుడ్డ అందులోకి చేరింది. డాక్టరమ్మ దూరంగా మెట్ల మీద నిలబడితే, కొమురెల్లి పక్కనే నిలబడి అనసూర్య ముఖాలు చూసింది. ఒక పిల్ల కళ్లు మూసుకుంది. ఒక పిల్ల "అవ్వో" అని బేసినును చూసి వెనక్కి పోయి గోడకు తగిలింది. లింగవ్వ అనే పిల్ల మాత్రం నవ్వుతూ నిలబడి, రెండు వేళ్లతో గుడ్డను ఎత్తి వేసింది. ఆ నవ్వు అనసూర్యకు నచ్చింది.

కొమురెల్లి సారక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు. సారక్క చెయ్యి పైకి లేచింది. కొంగు తల మీదుగా లాగి, ముక్కు దాకా కప్పుకొని, పక్కకు తిరిగింది. తిరిగి, రెండో చేత్తో గుడ్డను తీసి బకెట్లో వేసింది. కొమురెల్లి కూడా గోడ వైపు ముఖం తిప్పుకొని నిలబడ్డాడు. పాపం, ఇంతసేపు వాసన పట్టినవాడు, అతనికీ విసుగు పుట్టిందనుకుంది అనసూర్య.

ఆమె మనసు చివుక్కుమంది. ఇంత మంచి పిల్ల, ఇట్లా చేసిందేమిటి?

"పక్కానా?" అంది డాక్టరమ్మ, పేర్లు తేల్చేటప్పుడు. "ఆ పిల్ల మంచిగ చెప్పింది. గుడ్డ గూడ తీసింది."

"ముక్కు మూసుకున్నది డాక్టరమ్మా. కండ్లార చూసిన. మాటలదేమున్నది, మాటలు ఎవ్వలన్న చెప్తరు."

"నువ్వే పక్కకు నిలబడ్డవు. నీ మాటే." అని డాక్టరమ్మ పన్నెండో సీటుకు లింగవ్వ పేరు రాసింది. సాయంత్రం వరండాలో పేర్లు చదివారు. తన పేరు రాకపోయినా సారక్క చివరి దాకా నిలబడే ఉంది. అందరూ లేచాక మూట ఎత్తుకొని, అనసూర్యకు దండం పెట్టి వెళ్లిపోయింది.

తను పెట్టిన పరీక్షకు తనే మురిసిపోతూ అనసూర్య ఇంటికి వచ్చింది. పొయ్యి మీద పప్పుచారు కాగుతుంటే ఇంగువ వాసనకే సంతోషపడింది. అన్నదమ్ములిద్దరూ తినడానికి కూర్చున్నారు. బావ ఎదుట కనుక అనసూర్య కొంగు ముక్కు దాకా లాక్కొని, పక్కకు తిరిగి వడ్డించింది.

పర్శరాములు ముద్ద కలుపుతూ, "అన్నా, చూస్తివా? నువ్వొస్తె చాలు, మా ఇంటామె ముక్కు మూసుకుంటది," అన్నాడు. "పసుపు బస్తాల మీద కూసొని వస్తివి. వాసన కొడుతున్నట్టున్నది."

"నీ నోట్లె మన్ను వడ," అన్నాడు బుచ్చిరాములు. "తిను సప్పుడు జెయ్యక."

అనసూర్య కొంగులోపలే కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. గరిటె బావ విస్తరి మీద అట్లాగే నిలిచిపోయింది, చారు చుక్కలు చాప మీద పడ్డాయి.

పొద్దున పెరట్లో చూసింది ఇదే కదా. ఇదే చెయ్యి, ఇదే కొంగు, ఇట్లాగే పక్కకు తిరగడం. గుడ్డ తీసిన చెయ్యి క్షణమైనా తడబడలేదు, అదీ చూసింది. చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు. కొమురెల్లి గోడ వైపు తిరిగాడు. వాసనకు విసుగు పుట్టిన వార్డుబాయి ఎక్కడైనా ఉంటాడా? రోజూ అతను చేసే పని అదే. బేసినులో ఏముందో చూసింది, బేసిను ముందు నిలబడ్డ పిల్లను చూసింది, బేసిను పట్టుకున్న మనిషిని మాత్రం చూడలేదు.

"ఏందే, ముఖం మాడింది?" అన్నాడు పర్శరాములు, అన్న చేతులు కడుక్కోవడానికి లేచాక. "పరాచికానికన్న."

"ఏం లేదు," అంది.

ఏం లేదు అన్నందుకు ఇంకా సిగ్గేసింది. రోజూ బజారు గుంతలతో సహా అన్నీ చెప్పుకునే మనిషి, ఈ ఒక్కటి ఆయనకు చెప్పలేకపోయింది. కొమురెల్లికి ఆ పిల్ల ఏమీ కాకుంటే బాగుండునని దేవుడికి మొక్కింది. అట్లా మొక్కుతున్నది సారక్క కోసం కాదని, తన కోసమేనని మొక్కుతుండగానే తెలిసింది.

తెల్లారి సైకిలు మీద గాజులు గలగలమనకుండా ఆమె చేత్తో అదిమి పట్టుకుంది. గేటు లోపలే కొమురెల్లి ఎదురు చూస్తున్నాడు.

"ఒక గంట సెలవియ్యాలె, సిస్టరమ్మా. మనిషిని పెద్దపల్లి బస్సెక్కించి వస్త."

"కొమురెల్లీ," అంది, "సారక్క నీకేమైతది?"

అతను భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తమ్ముని పెండ్లామమ్మా. తమ్ముడు పోయినేడు జరమొచ్చి పోయిండు. ఇప్పుడు మా అవ్వ దగ్గర చెన్నూర్ల ఉంటది. సీట్లున్నయని కబురు వెట్టింది నేనే. సిఫారసు అంటరని చెప్పలే. నా నోటెంట ఒక్క మాట రాలే, ఒట్టు. ఐన మీకెట్లనో తెలిసినట్టున్నది." తల వంచుకున్నాడు. "అందుకే తీసేసిన్రని మా ఇంట్ల అనుకున్నం. తప్పయింది సిస్టరమ్మా. బేసిను ఇంకొకలకు ఇయ్యమందును. గాని ఏం చెప్పి ఇయ్యమందు?"

అతను ఆమెను క్షమించమని అడుగుతున్నాడు. అనసూర్యకు తన తెల్లచీర మీద, మెట్టెల మీద, గాజుల మీద అన్నిటి మీదా రోత పుట్టింది.

"నువ్వు పో. బస్సును జర ఆపు. నేనొస్త," అని డాక్టరమ్మ గదిలోకి పోయింది. కూర్చోకుండానే చెప్పింది. చెప్పేటప్పుడు "పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టి, అది తప్పించుకునే మాటలా వినబడి, "నేను పొరపాటు చేసిన" అని మళ్ళీ చెప్పింది.



"మా ఇంట్ల పరదా పుట్టినకాడ నుంచి చూసిన దాన్ని," అంది డాక్టరమ్మ. "నాకన్న తెలవాలె. నాకు ఆ పిల్ల చెయ్యి కనవడ్డది. కనవడ్డా ఊకున్న."

"సీటు..."

"లింగవ్వ నిన్న రాత్రి హాస్టల్ గోడెనక కక్కింది. నవ్వుకుంట గుడ్డ ఎత్తిన పిల్లే. వంటామె చెప్పింది." డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఏం చేద్దామంటవు? లింగవ్వను ఇంటికి పంపుదామా? నేను పంప. పంపాలంటె నువ్వే పోయి చెప్పు, నీ పెట్టె సదురుకో అని."

లింగవ్వ అప్పటికే తెల్ల ఓణీ వేసుకొని, నీళ్ల కుండ నింపుతూ పెరట్లో పాట పాడుకుంటోంది. కిటికీలోంచి వినబడుతోంది. అనసూర్య తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల చేసిన తప్పేమిటి, చెప్పినట్టు చేసింది. కక్కడానికి కూడా ఎవరికీ కనబడొద్దని గోడ వెనక్కి పోయింది.

"ఇంకొక్క మంచం..."

"మంచం ఇస్త. జీతం ఎవ్వలిస్తరు? పై నుంచి మంజూరైంది పన్నెండు మందికే." డాక్టరమ్మ లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఎవ్వలన్న మానుకుంటె మొదలు ఆ పిల్లనే పిలుస్త. నా జబాన్, మాటిస్తున్న. అది నువ్వే పోయి చెప్పు. నేను చెప్తె అది ఆర్డరైతది."

బస్టాండు దాకా అనసూర్య నడిచింది. ఎప్పుడూ చెవికి ఇంపుగా ఉండే మెట్టెల చప్పుడు ఆ పొద్దు పక్కన ఎవరో వెంట నడుస్తూ తనను వేలెత్తి చూపిస్తున్నట్టుంది. మిర్చిబజ్జీల బండి దగ్గర తెలిసినామె పలకరిస్తే ముఖం తిప్పుకుంది.

పెద్దపల్లి బస్సు నిండిపోయి ఉంది. సారక్క మూట మీద కూర్చుని ఉంది. నాలుగడుగుల అవతల కొమురెల్లి బస్సు వైపు తిరిగి నిలబడి, బస్సు చక్రానికి చెబుతున్నాడు: "పెద్దపల్లిల దిగినంక రైలు టికెటు మంచిర్యాలకే తియ్యాలె. అవ్వను ఫికర్ చెయ్యొద్దనాలె." సారక్క తల ఊపింది. కొంగు ముక్కు దాకా ఉంది.

అనసూర్యను చూసి లేచి నిలబడింది. కొంగు మాత్రం తీయలేదు. కొమురెల్లి అక్కడే ఉన్నాడు.

"సారక్కా, నువ్వు ముక్కు మూసుకున్నవనుకున్న," అంది అనసూర్య. ఎంతో చెప్పాలని దారంతా కూడబెట్టుకున్నది అంతే అయ్యింది. "రోతకు మూసుకున్నవనుకున్న. అందుకే నీ పేరు తీసేయించిన. ఎవ్వల సిఫారసు తెలిసి కాదు. తప్పు నాది."

కండక్టరు "పెద్దపల్లి, పెద్దపల్లి" అని బస్సు రేకు మీద కొట్టాడు.

"సీట్లు నిండినయి. ఎవ్వలన్న మానుకుంటె నిన్నే పిలుస్తమని డాక్టరమ్మ మాటిచ్చింది," అంది అనసూర్య. ఆ మాట ఎంత చిన్నదో చెప్పాక గాని తెలియలేదు.

"నిన్నటి సంది గుడ్డ సరిగ వట్టుకోలేదేమో అనుకుంటున్న," అంది సారక్క మెల్లగా. "రెండు చేతులతోటి తియ్యాల్నేమో అనుకున్న. ఒక చెయ్యి కొంగుకు పోయె."

"చెయ్యిల ఏం తప్పు లేదు."

"మీకెర్కనే అనుకున్న సిస్టరమ్మా." ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నట్టుంది. "పొద్దున గేటు కాడికి పెద్దాయన వస్తె మీరు గూడ గిట్లనే కప్పుకుంటిరి గద. చూసిన. చూసి, మా లెక్కనే ఉన్నది, ఈమెకు తెలుస్తదని జర ధైర్యమొచ్చె."

ఈ మాట అంటున్నప్పుడు ఆ ముఖం ఎట్లా ఉందో చూడాలని అనసూర్య ప్రాణం కొట్టుకుంది. నిష్ఠూరమాడుతోందా, ఏడుస్తోందా, నవ్వుతోందా? తెలిస్తే దానికి తగిన మాట దొరుకుతుందేమో. కొమురెల్లిని జర అవతలికి పొమ్మంటే అయిపోతుంది. కానీ పొమ్మనే ముఖం తనకు లేదు. నిన్న ముఖమే చూస్తానని నిలబడి చూడనిది, ఇయ్యాల అడిగితే ఎవరు చూపిస్తారు?

"మూట పైన వేస్తున్న," అని కొమురెల్లి చక్రానికి చెప్పాడు. "కిటికీ పక్కకు జాగ ఉన్నది. కూసోవాలె."

సారక్క నిన్నటి లాగానే రెండు చేతులూ జోడించి, ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు పొగ చిమ్ముతూ కదిలింది. కొమురెల్లి తువ్వాల దులుపుకొని, సారక్క కిటికీ వైపు చూడకుండా నిలబడ్డాడు. అనసూర్య మాత్రం చూస్తూనే నిలబడింది.

బస్టాండు దాటి బస్సు మలుపు తిరిగింది. తన బావ కొమురెల్లి కనబడనంత దూరం పోయాక కిటికీలో ఒక చెయ్యి లేచింది. కొంగు జారి భుజం మీదికి వచ్చింది. నూనె పెట్టి దువ్విన జడ ఒక్కటే కనబడింది అనసూర్యకు. ముఖం అప్పటికే పెద్దపల్లి తోవ వైపు తిరిగి ఉంది.